కెర్నెల్‌కు బదిలీ అయితే

బదిలీ ఆర్డరు వచ్చిన రోజు ఇల్లు ఎలా ఉంటుందో ఈ పేజీ చదివే పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. అటక మీది ట్రంకు పెట్టెలు దిగుతాయి. టి.సి. తీసుకుంటారు. కొన్నాళ్ళకే కొత్త ఊళ్ళో కొత్త క్వార్టరు తాళం చేతికి వస్తుంది. మీరు మాత్రం మీరే. మీకు వచ్చిన ఎక్కాలు, చదివిన పాఠాలు, మీ చేతిరాత అన్నీ మీతోనే వస్తాయి. కానీ కొళాయిలో నీళ్ళు ఎన్ని గంటలకు వస్తాయో, స్కూలు బస్సు ఏ మలుపు దగ్గర ఆగుతుందో, పాలవాడిని ఏ భాషలో పిలవాలో మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాల్సిందే.

కంప్యూటరు ప్రోగ్రాములకు కూడా ఇలాంటి బదిలీలు ఉన్నాయి. ఒక రకం యంత్రం కోసం రాసిన ప్రోగ్రామును మరో రకం యంత్రం మీద నడిచేలా చేయడాన్ని 'పోర్టింగ్' అంటారు. ఈ మాటకు ఓడరేవుతో సంబంధం లేదు. మోసుకెళ్ళడం అనే అర్థమున్న లాటిన్ ధాతువునుంచి వచ్చింది. రైల్వే స్టేషన్లో మన పెట్టెలు మోసే పోర్టరు ఈ మాటకు దగ్గరి చుట్టం. మేము తెలుగు చెప్పేవాళ్ళం కాబట్టి ముందు మాట దగ్గర ఆగాం. ఇక విషయంలోకి వద్దాం. ఈ వ్యాసంలో బదిలీ అయ్యేది ఒక కెర్నెల్. అది చేరే చోటు అరచేతిలో పట్టే ఒక కంప్యూటరు.

కెర్నెల్ అంటే ఇంగ్లీషులో గింజ లోపలి పప్పు. బాదం పెంకు పగలగొడితే లోపల ఉండేది కెర్నెల్. కంప్యూటర్లో మనకు కనిపించే బొమ్మలు, కిటికీలు, ఆటలు అన్నీ పైపెంకు. అన్నిటికంటే లోపల ఒక ప్రోగ్రాము ఉంటుంది. మెమరీలో ఎవరికెంత చోటు ఇవ్వాలో, ప్రాసెసరు మీద ఎవరి వంతు ఎప్పుడో, తెర, మీటలు, బ్యాటరీ లాంటి పరికరాలతో ఎవరు మాట్లాడాలో అదే నిర్ణయిస్తుంది. ఆ ప్రోగ్రామే కెర్నెల్. పై ప్రోగ్రాములేవీ పరికరాలను నేరుగా ముట్టుకోవు, కెర్నెల్‌ను అడుగుతాయి. అందుకే కొత్త యంత్రానికి మారినప్పుడు ఎక్కువ కష్టం దానికే.

లినక్స్ అనే కెర్నెల్ పేరు మీలో చాలామంది విని ఉంటారు. 1991లో ఫిన్లాండులోని హెల్సింకిలో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి తన సొంత కంప్యూటరు కోసం దాన్ని రాయడం మొదలుపెట్టాడు. ఆ కంప్యూటర్లో ఇంటెల్ 80386 ప్రాసెసరు ఉండేది. ఇది వేరే యంత్రాల మీదికి తీసుకెళ్ళేలా రాసింది కాదని ఆయన మొదట్లోనే ప్రకటించాడు. కొద్ది సంవత్సరాల్లోనే ఆ మాట తప్పింది. 1995లో వచ్చిన 1.2 వెర్షన్‌కల్లా ఆల్ఫా లాంటి వేరే ప్రాసెసర్లకు కూడా లినక్స్ చేరింది. ఆల్ఫా బదిలీలో టోర్వాల్డ్స్ స్వయంగా పనిచేశాడు. మరోవైపు బ్రిటన్‌లో రస్సెల్ కింగ్, అక్కడి స్కూళ్ళలో ఎక్కువగా వాడే ఎకార్న్ కంప్యూటర్ల మీద లినక్స్‌ను నడిపించాడు. ఆ కంప్యూటర్లలో ఉన్నది ఆర్మ్ ప్రాసెసరు. ఆయన పని మన కథకు చాలా ముఖ్యం, ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

1998 ప్రాంతంలో బెంగుళూరులో కొందరికి ఒక ఆలోచన వచ్చింది. చదువు రాని మనిషి కూడా వాడగలిగేది, ఒక ఊరంతా కలిసి పంచుకోగలిగేది, మన భాషల్లో పలికేది, ధర తక్కువగా ఉండేది ఒక చిన్న కంప్యూటరు కావాలి. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన స్వామి మనోహర్, విజయ్ చంద్రు, రమేష్ హరిహరన్, వి. వినయ్ అనే నలుగురు ఆచార్యులు, ఎన్‌కోర్ సాఫ్ట్‌వేర్ సంస్థ ఇంజినీర్లు కలిసి ఒక ట్రస్టుగా ఏర్పడ్డారు. 2001లో దాని నమూనాను లోకానికి చూపించారు. పేరు సింప్యూటర్. సులువైన, చవకైన, బహుభాషా కంప్యూటరు అనే అర్థం వచ్చేలా ఇంగ్లీషు మాటలు కలిపి చేసిన పేరు అది. అరచేతిలో పట్టేంత పెట్టె, వేలితోనో పుల్లతోనో తాకే తెర, స్మార్ట్ కార్డు దూర్చే సందు. ఒక్కొక్కరికి ఒక్కో కార్డు ఉంటే చాలు, యంత్రం అందరిదీ. కార్డు పెట్టగానే ఆ మనిషి వివరాలు తెర మీదికి వస్తాయి. తెర మీది మాటలను కొన్ని భారతీయ భాషల్లో పైకి చదివి వినిపించే ఏర్పాటు కూడా చేశారు.

దీనిలోపల ఏ కెర్నెల్ ఉండాలి? డబ్బిచ్చి కొనే కెర్నెల్ పెడితే ప్రతి యంత్రానికీ లైసెన్సు రుసుము కట్టాలి. ఉద్దేశమే చవక కాబట్టి అది కుదరదు. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. కొన్న కెర్నెల్ లోపల ఏముందో చూడనివ్వరు. మన అవసరానికి ఒక వాక్యం మార్చాలన్నా అమ్మినవాళ్ళ దయ. లినక్స్ అలా కాదు. దాని మూలపాఠం ఎవరైనా చదవచ్చు, మార్చుకోవచ్చు. ఒక్కటే షరతు. మార్చినదాన్ని ఎవరికైనా ఇస్తే ఆ మార్పుల పాఠం కూడా వాళ్ళకు అందుబాటులో ఉంచాలి. సింప్యూటర్ వాళ్ళు లినక్స్‌నే ఎంచుకున్నారు.

ప్రాసెసరు విషయంలో కూడా వాళ్ళది తెలివైన ఎంపిక. ఇంటెల్ వాళ్ళ స్ట్రాంగ్‌ఆర్మ్ ఎస్.ఎ.1110 అనే చిప్పు తీసుకున్నారు. అది ఆర్మ్ కుటుంబంలోది. అంటే రస్సెల్ కింగ్ వేసిన దారి అప్పటికే ఉంది. ఈ రకం చిప్పుల మీద అమెరికాలోని డిజిటల్ సంస్థ పరిశోధకులు 'ఇట్సీ' అనే జేబు కంప్యూటరులో లినక్స్ నడిపి చూపించారు. ఆ తరువాత 2000లో కాంపాక్ సంస్థ ఐప్యాక్ అనే చేతి కంప్యూటరును అమ్మకానికి తెచ్చింది. అది విండోస్‌తో వచ్చినా, కేంబ్రిడ్జిలోని వాళ్ళ పరిశోధనశాలవాళ్ళే దాని మీదికి లినక్స్ తెచ్చి అందరికీ పంచారు. ఐప్యాక్‌లో ఉన్నదీ ఎస్.ఎ.1110 చిప్పే. ఒకరు చేసిన బదిలీ మరొకరికి సగం దారి తగ్గిస్తుంది. మీకంటే ముందు ఆ ఊరు వెళ్ళిన అన్నయ్య స్కూలు దారి గీసి ఇచ్చినట్టు.

ఇక ఈ చిప్పు మీదికి కెర్నెల్‌ను తెచ్చేవాళ్ళకు ఎదురయ్యే పనులేమిటో చూద్దాం. మా కంప్యూటరు సారును పక్కన కూర్చోబెట్టుకుని, అర్థమయ్యేదాకా అడిగి అడిగి రాసింది ఇది.

కెర్నెల్‌లో ఎక్కువ భాగం సి భాషలో ఉంటుంది. సి వాక్యాలను ప్రాసెసరుకు అర్థమయ్యే ఆదేశాలుగా మార్చే ప్రోగ్రామును కంపైలరు అంటారు. చేతి కంప్యూటర్లో కంపైలరు నడిపే వీలు లేదు. దాంట్లో ఇంకా ఏ ప్రోగ్రామూ లేదుగా! అందుకని బల్ల మీది పెద్ద కంప్యూటర్లోనే, ఆర్మ్ ఆదేశాలను తయారుచేసే క్రాస్ కంపైలరుతో కెర్నెల్‌ను తయారుచేస్తారు. ఒకచోట వండి క్యారియరులో మరోచోటికి పంపడం లాంటిది. ఫైళ్ళు దాచే పద్ధతి, నెట్‌వర్కు నియమాలు, ప్రోగ్రాములకు వంతులు వేసే లెక్క ఇవన్నీ అదే పాఠం, ఒక్క అక్షరం మార్చనక్కరలేదు. మార్చాల్సినవి యంత్రాన్ని తాకే చోట్లు. వాటిని లినక్స్ వాళ్ళు విడిగా ఒక ఫోల్డరులో, ప్రాసెసరు రకాన్నిబట్టి గదులు కట్టి పెట్టారు. ఆర్మ్‌కు ఒక గది, ఆ గదిలో స్ట్రాంగ్‌ఆర్మ్ చిప్పులకు ఒక అలమర, అలమరలో ఒక్కో యంత్రానికి ఒక్కో అర. కొత్త యంత్రం వస్తే కొత్త అర తెరవాలి.

మొదటి తేడా చిరునామాలు. మన బల్ల మీది కంప్యూటర్లో మెమరీ చిరునామాలు సున్నా నుంచి మొదలవుతాయి. ఎస్.ఎ.1110లో సున్నా దగ్గర ఉండేది ఫ్లాష్, అంటే కరెంటు లేకపోయినా చెరిగిపోని నిల్వ. మామూలు మెమరీ 3 గిగాబైట్ల గుర్తు దగ్గర మొదలవుతుంది. యంత్రంలో ఉన్నది మొత్తం 32 మెగాబైట్లయితే మూడు గిగాబైట్ల గుర్తు ఎక్కడిదని మాకూ అనుమానం వచ్చింది. కాలనీలో ముప్ఫై ఇళ్ళే ఉన్నా మీ క్వార్టరు నంబరు 300తో మొదలవడం చూశారా? ఇదీ అంతే. నంబరు వేసినవాళ్ళు మధ్యలో ఖాళీ వదిలారు. పాత అలవాటు కొద్దీ కెర్నెల్ సున్నాకు వెళ్ళి తలుపు తడితే మెమరీ అక్కడ ఉండదు. అందుకే ఈ యంత్రంలో ఇల్లు ఎక్కడుందో ముందే రాసి ఇవ్వాలి. కెర్నెల్‌ను కూడా మెమరీ మొదట్లోనే పెట్టరు, 32 కిలోబైట్లు వదిలి పెడతారు. ఆ వదిలిన చోట చిరునామాల పట్టికలు కూర్చుంటాయి.

కరెంటు ఇవ్వగానే ప్రాసెసరు నేరుగా కెర్నెల్ దగ్గరికి వెళ్ళదు. ఫ్లాష్‌లో సున్నా దగ్గర బూట్‌లోడరు అనే చిన్న ప్రోగ్రాము ఉంటుంది. మెమరీ చిప్పులను నిద్రలేపడం, గడియారం వేగం పెట్టడం, కెర్నెల్‌ను ఫ్లాష్ నుంచి మెమరీలోకి దించి దానికి పగ్గాలు అప్పగించడం దాని పని. బూట్‌లోడరు దాని చేతిలో ఒక చీటీ కూడా పెడుతుంది. 'నువ్వు ఇప్పుడు ఫలానా యంత్రంలో ఉన్నావు' అని చెప్పే ఒక నంబరు అది. ఆర్మ్ లినక్స్‌లో ప్రతి కొత్త యంత్రానికీ ఒక నంబరు కేటాయిస్తారు. రిజిస్టరులో ఒకే అడ్మిషన్ నంబరు ఇద్దరికి ఉండకూడదు కదా. నంబరు కెర్నెల్ జాబితాలో లేకపోతే అది అక్కడే ఆగిపోతుంది. ఆ రోజుల కెర్నెల్ ఆగిపోయే ముందు, పరీక్ష సందేశాలు పెట్టుకుని ఉంటే, 'ఎర్రర్' అని 'ఎ' అనే ఒక్క అక్షరం మాత్రం పంపేది. యంత్రం గుర్తుపట్టలేదని దాని అర్థం. ప్రాసెసరునే గుర్తుపట్టకపోతే 'పి'. ఇంతకంటే పొదుపుగా మాట్లాడేవాళ్ళను మేము చూడలేదు.

ఆ అక్షరం ఎక్కడ కనిపిస్తుంది? తెర మీద కాదు. తెరను నడిపే భాగం ఇంకా మేల్కొననేలేదు. చేతి కంప్యూటరుకూ బల్ల మీది కంప్యూటరుకూ మధ్య ఒక సీరియల్ తీగ కట్టి, అక్షరాలను ఒక్కొక్కటిగా అటు పంపిస్తారు. బదిలీ పనిలో మొదటి పండగ ఆ తీగ మీద మొదటి అక్షరం వచ్చినప్పుడే. ఇక్కడ ఒక చక్కటి లెక్క ఉంది. ఎస్.ఎ.1110కు ఉండే ప్రధాన స్ఫటికం సెకనుకు 36,86,400 సార్లు కంపిస్తుంది. ఇదేం అంకె, గుండ్రంగా 40 లక్షలు పెట్టుకోవచ్చుగా అనిపిస్తుంది. సీరియల్ తీగ మీద సెకనుకు 1,15,200 బిట్లు పంపాలనుకోండి. ఒక్కో బిట్టును పదహారు ముక్కలుగా చూస్తుంది కాబట్టి 1,15,200ను 16తో హెచ్చవేస్తే 18,43,200. స్ఫటికం అంకెను దీనితో భాగిస్తే సరిగ్గా 2. శేషం లేదు. 38,400 బిట్లకు చేస్తే సరిగ్గా 6. 9,600కు 24. ఎలా భాగించినా నిశ్శేషంగా వచ్చేలా ఎంచిన అంకె అది. భాజకం తప్పు రాస్తే అటు చివర వచ్చేవి అక్షరాలు కాదు, పిచ్చి గీతలు.

ప్రాసెసరు వేగం 206 మెగాహెర్ట్జ్ అంటారు. అదీ ఆ స్ఫటికం అంకెనుంచే వస్తుంది. 36,86,400ను 56తో హెచ్చవేసి చూడండి.

తరువాతిది గంట. బడిలో నలభై నిమిషాలకోసారి గంట కొట్టకపోతే ఏమవుతుంది? లెక్కల పీరియడే సాయంత్రం దాకా నడుస్తుంది. కెర్నెల్‌కు కూడా గంట కావాలి. ఒక ప్రోగ్రాము ప్రాసెసరును పట్టుకుని కూర్చుంటే, గంట మోగగానే కెర్నెల్ లేచి 'నీ వంతు అయింది, తరువాతివాడు రావాలి' అంటుంది. అప్పటి లినక్స్‌లో ఈ గంట సెకనుకు వందసార్లు మోగేది. స్ఫటికం 36,86,400 సార్లు కంపిస్తే ఒక సెకను. కాబట్టి ప్రతి 36,864 కంపనాలకు ఒక గంట. చిప్పులో ఒక లెక్కపెట్టే పెట్టె ఆగకుండా కంపనాలు లెక్కపెడుతూ ఉంటుంది. ఫలానా సంఖ్య రాగానే పిలువు అని దానికి చెప్పి పెట్టాలి. గంట మోగాక తరువాతి సంఖ్యను ఎలా నిర్ణయిస్తారన్నది సూక్ష్మమైన విషయం. ఇప్పుడు లెక్క ఎంతైందో చూసి దానికి 36,864 కలిపితే, చూడడానికి పట్టిన ఆలస్యం కూడా ప్రతిసారీ చేరిపోతుంది. సాయంత్రానికి గడియారం వెనకబడుతుంది. పాత సంఖ్యకే 36,864 కలపాలి. గంట ఆలస్యంగా కొట్టాం కదా అని ప్యూను తరువాతి పీరియడు గంట కూడా అంతే ఆలస్యంగా కొట్టకూడదన్నమాట.

గంటను సరిగా కలపకపోతే వచ్చే జబ్బు ఈ పని చేసిన అందరికీ తెలిసినదే. కెర్నెల్ లేవగానే తన వేగం ఎంతో కొలుచుకుంటున్నానని ఒక వాక్యం పంపుతుంది. ఒక గంటకూ మరో గంటకూ మధ్య ఎన్ని చుట్లు తిరగగలనో లెక్కపెట్టి వేగం తేల్చుకోవడం దాని పద్ధతి. గంట మోగకపోతే? మోగుతుందని ఎదురుచూస్తూ అక్కడే ఉండిపోతుంది. తీగ మీద ఆ వాక్యం సగంలో ఆగిపోయి ఉంటుంది. అనుభవమున్నవాళ్ళు దాన్ని చూడగానే చెప్పేస్తారు, తప్పు గడియారం తీగ దగ్గరని.

తెర సంగతి కొంత సులువు. ఈ చిప్పులోనే తెరను నడిపే భాగం ఉంది. మెమరీలో ఒక ముక్కను తెరకు రాసిస్తే, ఆ భాగం అక్కడున్నది తనంతట తానే చదివి తెర మీదికి పంపుతూ ఉంటుంది. ఆ ముక్కలో కెర్నెల్ ఏది రాస్తే అదే మనకు కనిపిస్తుంది. ఐప్యాక్ రంగుల తెర మీద అడ్డంగా 240, నిలువుగా 320 చుక్కలు. మొత్తం 76,800. ఒక్కో చుక్క రంగుకు 2 బైట్లు. అంటే 1,53,600 బైట్లు. 32 మెగాబైట్లలో అది సుమారు 218వ వంతు మాత్రమే. కానీ తెరను ఎటు నుంచి ఎటు గీయాలి, వరసకూ వరసకూ మధ్య ఎంత విరామం ఇవ్వాలి అన్నవి ఆ తెర తయారుచేసినవాళ్ళ కాగితంలో చూసి రాయాలి. ఆ కాగితం ఇవ్వని తయారీదారులు కోకొల్లలు. అప్పుడు గుడ్డిగా అంకెలు మార్చి చూడడం తప్ప గతి లేదు.

తాకే తెర మరీ చమత్కారమైనది. దాని పైపొర నొక్కితే అది 'ఫలానా చుక్క' అని చెప్పదు. వోల్టేజి ఇంత అని రెండు అంకెలు చెబుతుంది. వాటిని చుక్కలుగా మార్చుకోవడం మన పని. అందుకే పాత చేతి కంప్యూటర్లు మొదటిసారి తెరవగానే మూలల్లో గుర్తులు చూపించి, పుల్లతో తాకమనేవి. ఒకే గీత మీద లేని మూడు చోట్ల అంకెలు తెలిస్తే మిగతా తెరంతా లెక్కగట్టవచ్చు. అదీగాక చెయ్యి వణుకుతుంది, వోల్టేజీ కూడా వణుకుతుంది. ఒక్క కొలత నమ్మితే గీసిన గీత వానపాములా వంకరగా వస్తుంది. నాలుగైదు కొలతలు తీసుకుని, వాటిలో దూరంగా ఉన్నదాన్ని పారేసి, మిగతావాటి సగటు తీస్తారు. సైన్సు ప్రాక్టికల్స్‌లో మీరు చేసేదే.

అన్నిటికంటే జాగ్రత్త కావాల్సింది ఫ్లాష్ దగ్గర. చేతి కంప్యూటర్లో హార్డ్ డిస్కు లేదు. ఫ్లాష్‌లో ఒక బిట్టును ఒకటి నుంచి సున్నా చేయవచ్చు, కానీ సున్నాను మళ్ళీ ఒకటి చేయాలంటే ఆ ఒక్కదాన్నే చేయడం కుదరదు. దాని చుట్టూ ఉన్న పెద్ద గడినంతా, సాధారణంగా 128 కిలోబైట్లు, ఒకేసారి తుడవాలి. పలక మీద ఒక అక్షరం తప్పు రాస్తే పలకంతా తడిబట్టతో తుడిచి మళ్ళీ రాసినట్టు. తుడిచి తిరిగి రాసే లోపల బ్యాటరీ అయిపోతే? పాతదీ పోయింది, కొత్తదీ లేదు. పైగా ఒకే గడిని సుమారు లక్షసార్లు తుడిస్తే అది అరిగిపోతుంది. దీనికి స్వీడన్‌లోని ఏక్సిస్ సంస్థ 1999లో ఒక మంచి పద్ధతి కనిపెట్టింది. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం గుర్తు తెచ్చుకోండి. శెట్టిగారు పాత పద్దు చెరిపెయ్యడు. కింద కొత్త పద్దు రాస్తాడు, చివరిదే లెక్క. ఈ పద్ధతిలోనూ మార్పులన్నీ వరసగా కొత్త చోట్లలో రాసుకుంటూ పోతారు. కరెంటు మధ్యలో పోతే చివరి పద్దు మాత్రమే పోతుంది, పుస్తకం మిగులుతుంది. చోటు నిండాక పనికిరాని పాత పద్దులున్న గడులను తుడుస్తారు. అరుగుదల కూడా గడులన్నిటికీ పంచుకుపోతుంది. దాని మెరుగైన రెండో రూపం లినక్స్‌లో భాగమై ఇలాంటి యంత్రాల్లో ఎక్కువగా వాడారు.

ఈ జాగ్రత్త పనికిరాని చోటు ఒకటుంది, బూట్‌లోడరు. దాన్ని తుడిచి కొత్తది రాస్తున్న ఆ కొన్ని క్షణాల్లో బ్యాటరీ పోయినా, తీగ ఊడినా యంత్రం ఇక లేవదు. పెట్టె విప్పి, చిప్పు కాళ్ళకు ప్రత్యేకమైన తీగలు తగిలించి బయటినుంచి రాయాల్సిందే. అందుకే ఐప్యాక్‌కు లినక్స్ పెట్టేవాళ్ళకు ఇచ్చిన సూచనల్లో, ముందు చార్జరు పెట్టండి, పాతది ఒక ప్రతి తీసి దాచుకోండి, ఆ తరువాతే ముట్టుకోండి అన్న హెచ్చరిక గట్టిగా ఉండేది. బదిలీలో సామాను లారీ ఎక్కించే ముందు సర్టిఫికెట్ల సంచీ అమ్మ తన చేతిలోనే ఎందుకు ఉంచుకుంటుందో మీకు తెలుసు.

చివరి పని నిద్ర. బల్ల మీది కంప్యూటరు రోజంతా కరెంటు తాగుతూ కూర్చున్నా ఎవరూ పట్టించుకోరు. చేతి కంప్యూటరు పనిలేనప్పుడల్లా కునుకు తీయాలి. ఎస్.ఎ.1110 వేగాన్ని కూడా 59 మెగాహెర్ట్జ్ దాకా మెట్లు మెట్లుగా దించవచ్చు. అయితే ఒక తిరకాసు ఉంది. తెర గడియారం ప్రాసెసరు వేగంనుంచే పుడుతుంది. వేగం దించి, తెర లెక్క మళ్ళీ వేయకపోతే బొమ్మ వణుకుతుంది. సీరియల్ తీగకు ఆ బాధ లేదు, దానికి గడియారం స్ఫటికం నుంచి నేరుగా వస్తుంది. పూర్తిగా నిద్రపోయేటప్పుడు మెమరీకి మాత్రం చుక్క చుక్కగా కరెంటు ఇచ్చి, మిగతా అన్నీ ఆపేస్తారు. పడుకునే ముందు ప్రతి పరికరం తన స్థితి రాసిపెట్టుకోవాలి, లేవగానే చదువుకోవాలి. ఒక్క పరికరం మరచిపోయినా యంత్రం లేస్తుంది కానీ తెర తెల్లగానో, స్పీకరు మూగగానో ఉంటుంది. అన్నీ కుదిరాయి అనుకున్నాక కూడా చాలాకాలం మిగిలే తప్పులు ఇక్కడివే.

ఇంత చేశాక తెలుగు కనిపిస్తుందా? కనిపించదు. ఇది మాకు మొదట నిరాశ కలిగించింది. 'స్త్రీ' అనే మాట మనకు ఒక్క అక్షరం. యూనికోడ్ లెక్కలో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే ఆరు సంకేతాలు. యూటీఎఫ్-8 అనే పద్ధతిలో దాచితే ఒక్కోదానికి మూడేసి చొప్పున 18 బైట్లు. కెర్నెల్‌కు అవి 18 బైట్లు మాత్రమే. వాటిని చెడకుండా దాచి, అడిగినప్పుడు ఇస్తుంది. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎటు తిప్పాలో దానికి పట్టదు. అది పై ప్రోగ్రాముల పని, అక్షర రూపాలు గీసేవాళ్ళ పని. కానీ కింద గింజ గట్టిగా, అందరికీ తెరిచి ఉంటేనే పైన మన అక్షరాలకు చోటు చేయడం మన చేతిలో ఉంటుంది. సింప్యూటర్ వాళ్ళు మన భాషలను పలికించే ప్రోగ్రాములను దాని మీద కట్టగలిగింది అందుకే.

2004లో బెంగుళూరు పికోపేటా సంస్థ, ప్రభుత్వరంగ భారత్ ఎలక్ట్రానిక్స్ కలిసి అమిడా పేరుతో సింప్యూటర్‌ను బజారుకు తెచ్చాయి. అనుకున్నంతగా అమ్ముడుపోలేదు. అప్పటికి సెల్‌ఫోను చవకైపోతోంది, చేతిలో పట్టే యంత్రమంటే జనానికి అదే గుర్తొచ్చింది. కొందరు దాన్ని ఓటమి అంటారు. మాకు అలా అనిపించదు. మనదేశంలో ఒక బృందం యంత్రం పటం తామే గీసి, దాని మీదికి కెర్నెల్‌ను తామే తెచ్చుకుని, ఆ పటాన్ని కూడా ఇతరులకు చూపించింది. మాకు బాధ కలిగించేది వేరే విషయం. చాలా సంస్థలు లినక్స్‌ను తీసుకుని, తమ మార్పులను అసలు కెర్నెల్‌లో కలిపే శ్రమ పడవు. కొన్నాళ్ళకు అసలు కెర్నెల్ ముందుకు వెళ్ళిపోతుంది, వాళ్ళ యంత్రం పాత వెర్షన్ దగ్గరే ఉండిపోతుంది. మన ఇళ్ళలో రెండేళ్ళకే అప్‌డేట్లు ఆగిపోయే ఫోన్ల వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి.

అవును, ఆండ్రాయిడ్ ఫోనులో ఉన్నది కూడా లినక్స్ కెర్నెలే, ఎక్కువగా ఆర్మ్ ప్రాసెసర్ల మీదే. అమ్మానాన్నల అనుమతితో ఫోను సెట్టింగుల్లో 'అబౌట్ ఫోన్' తెరిచి కెర్నెల్ వెర్షన్ అంకె రాసుకోండి. వేరే ఊరు బదిలీ అయిన మీ స్నేహితుడి ఫోనులో ఎంతో అడిగి పోల్చండి. ఇక రెండు లెక్కలు. పైన చెప్పిన స్ఫటికంతోనే సీరియల్ తీగ మీద సెకనుకు 19,200 బిట్లు పంపాలంటే భాజకం ఎంత? అడ్డం 480, నిలువు 640 చుక్కలున్న తెరకు, చుక్కకు 2 బైట్ల చొప్పున ఎంత మెమరీ కేటాయించాలి? జవాబులు వచ్చినవాళ్ళు మీ కంప్యూటరు టీచరుకు చూపించండి. తెలుగులోనే రాసి చూపించండి.